సుక్క మెడలో సంచి బిళ్ల

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు దేవిక ఫోన్ మోగింది. ఆమె తాండూరులో, కంది రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీ ఆఫీసులో ఉంది. ఫోన్ చేసింది తల్లి శంకరమ్మ, దోమ మండలంలోని ఊరి నుంచి.

"బిడ్డా, మంద పోయింది."

"ఏ మంద?"

"మనకెన్ని మందలున్నయే? మన మందనే. ముప్పై నాలుగు గొర్లు. మీ నాయిన తొట్టి నింపుతుంటే ఎవడో బండిల ఎక్కిచ్చుకోని పోయిండు."

దోమ నుంచి పరిగి పోయే దారి పక్కన చేతి బోరింగు ఉంది. దాని ముందు సిమెంటు తొట్టి ఉంది. ఎవరు కట్టించారో దేవిక తండ్రి ఎంకయ్యకు తెలియదు. మంద నీళ్లు తాగాక తొట్టిని మళ్లీ నింపి కదలడం అక్కడి కాపరుల ఆచారం. తర్వాత వచ్చే మంద ఎవరిదైనా సరే. బోరింగు కొట్టి తొట్టి నింపడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఎంకయ్య రోడ్డుకు వీపు పెట్టి బోరింగు కొడుతున్నాడు. మంద గట్టు దాటి రోడ్డెక్కింది. కుక్క వారం కింద ఈని ఇంటి దగ్గరే ఉంది. ఆయన తొట్టి నింపి గట్టెక్కి చూసేసరికి రోడ్డు మీద పెంటికలు ఉన్నాయి, గొర్రెలు లేవు. అప్పుడు టైము తొమ్మిదిన్నర.

"పోలీసులకు చెప్పిండ్రా?"

"చెప్పినం. బండి నంబర్ ఏందన్నడు ఆయన. నంబర్ చూసినోళ్లం గొర్లను పోనిస్తమా?" శంకరమ్మ గొంతు తగ్గించింది. "మీ నాయిన మాట్లాడ్తలేడు. బోరింగు కాడనే కూసున్నడు. పరాయి మందకు నీళ్లు నీకెందుకయ్యా అని ఎన్నిసార్లు చెప్పిన, వినడు."

"ఇప్పుడు గా మాట నాయినను అనకు."

"అన్న. అనేసిన. ఇప్పుడేం జేయాలె?"

ఆ ఇంటికి పొలం లేదు. మందలో మొత్తం నలభై ఒకటి. ఏడు గొర్రెలు కుంటివో బాలింతలో అయి దొడ్లో మిగిలాయి. పోయిన ముప్పై నాలుగూ సాయంత్రానికి హైదరాబాద్ చేరితే రేపు తెల్లవారేసరికి మాంసం అవుతాయి. ఈ సంగతి తల్లి చెప్పలేదు, కూతురు అడగలేదు.

దేవిక సెలవు చీటీ రాసి, బ్యాగు సర్దుకుంది. పరిగి మీదుగా దోమకు ఏ బస్సు ఉందో ఫోన్‌లో చూస్తుండగా కంప్యూటర్ చప్పుడు చేసింది. తెర మీద ఎర్ర గీత వచ్చింది. సంచి నంబరు చివర 0417. వికారాబాద్ శివారులోని ఒక గోదాము కాంటా మీద, పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు కనిపించింది.

ఆ సంచి ఫిబ్రవరి పదిహేడునే ఖాళీ అయింది. నవాబుపేట రైతు ఒకాయన కందులు అందులో వచ్చాయి. పప్పయి, ప్యాకెట్లయి, అమ్ముడుపోయాయి కూడా. ఇప్పుడు మే నెల. ఖాళీ అయిన సంచి ఏ గేటు దగ్గరా కనిపించకూడదు.

దేవిక బ్యాగు భుజాన వేసుకునే నిలబడి ఆ గీతను రెండోసారి చదివింది. అప్పుడే కంపెనీ చైర్మన్ పాండురంగం లోపలికి వచ్చాడు. ఆయనకు అరవై రెండేళ్లు. తాండూరు పక్క ఊళ్లో కంది రైతు. అదే కబురు ఆయన ఫోన్‌కు కూడా పోయింది.

"ఏందమ్మా ఇది? సచ్చిన సంచి లేసొచ్చిందా?"

"అదే చూస్తున్న సార్."

"చూసేదేముంది? మన బిళ్ల ఎవడో సంపాదించిండు. ఎక్కడి కందులకో కుట్టి తాండూరు కంది అని అమ్ముతుండు. రెండేండ్ల పేరు రెండు దినాల్ల పోతది."

ఆయన భయానికి కారణం ఉంది. తాండూరు కందికి ఉన్న పేరు వల్ల బయటి సరుకును ఆ పేరుతో అమ్మేవాళ్లున్నారు. అందుకే రైతు సంచి తూకం అయ్యాక మూతికి ఒక బిళ్ల కుడతారు. అట్టముక్క మందాన ఉంటుంది, బ్యాటరీ ఉండదు. రీడర్ అనే పరికరం ముందు నుంచి పోతే తన నంబరు తానే చెబుతుంది. రీడర్ నాలుగు సంగతులు రాసుకుంటుంది: ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. పప్పు మిల్లులో సంచి ఖాళీ అయ్యాక బిళ్లను కత్తిరించి పారేయాలి. ఆ పని చూసేది దేవిక.

రెండేళ్ల కిందటి వరకు కంపెనీ వేరే సాఫ్ట్‌వేర్ వాడింది. దాన్ని అమ్మిన సంస్థ మూతపడిన రోజు సర్వరు కూడా ఆగిపోయింది. పదకొండు వేల సంచుల చరిత్ర అందులో ఉండిపోయింది. ఆ బిళ్లల నంబర్లు ఆ సంస్థ రీడర్లకు తప్ప ఇంకెవరి రీడర్లకూ అర్థం కావు. అప్పుడు దేవిక వెతికి మరొకటి పట్టుకుంది. దాని కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, దించుకోవచ్చు, మార్చుకోవచ్చు. నంబర్లు వేసే పద్ధతి లోకమంతా ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం ఉంటుంది. ఒకరి బిళ్లను ఇంకొకరి రీడర్ చదివినా, ఆ నంబరు ఎవరిదో వెతికి వాళ్లకు కబురు పంపుతుంది. రాసినవాళ్లు నాలుగైదు దేశాల్లో ఉన్నారు. దాన్ని నిలబెట్టడానికి దేవికకు ఐదు వారాలు పట్టింది. వాళ్లు ఈమెయిల్‌లో మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టులో ఇరవై మూడు ప్రశ్నలు అడిగింది. పందొమ్మిదింటికి ఒకే మనిషి జవాబిచ్చాడు. పేరు రూయి, ఉండేది పోర్చుగల్‌లో. అతని గురించి ఆమెకు అంతకుమించి తెలియదు.

"ఖాళీ సంచులు ఏడ వేస్తం?" పాండురంగం అడిగాడు.

"మిల్లు వెనక షెడ్డుల. లెక్క ఉంటది సార్."

ఆమె ఫిబ్రవరి లెక్క తెరిచింది. పదిహేడో తారీకు ఖాళీ అయినవి అరవై సంచులు. కత్తిరించిన బిళ్లలు యాభై ఐదు.

మిగతా ఐదు ఎక్కడున్నాయో ఆమెకు లెక్కలో చూడనక్కర్లేదు. ఆ వారం చలి ఉంది. దొడ్లో గొర్రెపిల్లల కింద పరచడానికి ఐదు ఖాళీ సంచులు అడిగి ఇంటికి తీసుకుపోయింది. బస్సు టైమైందని బిళ్లలు కత్తిరించలేదు. ఇంట్లో కత్తిరించొచ్చు అనుకుంది. ఆ రాత్రి అన్నం తింటూ తల్లి ఆ బిళ్ల ఏమిటని అడిగితే చెప్పింది కూడా: ఇది కుట్టిన సంచి ఎక్కడికి పోయినా తప్పిపోదు.

ఆమె కుర్చీలో కూర్చుంది. తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఫిబ్రవరిల సంచులు తెచ్చిన యాదికుందా? వాటి మూతికి బిళ్లలుండె."

"ఇప్పుడు సంచుల ముచ్చటేందే!"

"ఏం జేసినవ్ చెప్పు."

శంకరమ్మ ఒక్కొక్కటే లెక్క చెప్పింది.

"నాలుగు పొయ్యిల వేసిన. ఒకటి సుక్కకు కట్టిన."

"కట్టినవా?"

"నువ్వే అంటివి కద, ఇది ఉంటే తప్పిపోదని. సుక్క తప్పిపోకపోతే మంద తప్పిపోదు కద. నల్ల గుడ్డల పెట్టి, జర పసుపు వేసి, తాయెత్తు కుట్టి మెడకు కట్టిన. తప్పా?"

సుక్క మందకు ముందు నడిచే గొర్రె. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది. అది ఎటు పోతే మిగతావి అటు పోతాయి. దాన్ని బండి ఎక్కించినవాడికి మిగతా ముప్పై మూడింటిని ఎక్కించే పని ఉండదు.

"తప్పు కాదమ్మా," దేవిక అంది. "ఫోన్ పెట్టకు. కాదు, పెట్టు. మల్ల చేస్త."

పాండురంగం అంతా విన్నాడు. ఆయన తెర మీద ఎర్ర గీతను, తర్వాత దేవికను చూశాడు.

"అంటే కాంటా ఎక్కింది సంచి కాదు."

"మా గొర్రె సార్."

గోదాము ఫోన్ నంబరు కబురులోనే ఉంది. ఎత్తినవాడు ప్రణయ్, కాంటా దగ్గర కూర్చునే ఆపరేటర్. గోదాములోకి వచ్చే లారీల సంచులను చదవడానికి కాంటా పక్కన స్తంభానికి రీడర్ బిగించారు. వేరే కంపెనీ రీడర్, వేరే సాఫ్ట్‌వేర్. పాటించే ప్రమాణం మాత్రం ఒకటే. బయటి బండ్లు కూడా రుసుము ఇచ్చి అక్కడ తూకం వేయించుకుంటాయి.

"పదకొండు నలభై రెండుకు మీ కాంటా ఎక్కిన బండి ఏది అన్నా?" దేవిక అడిగింది.

"మేడం, మీరు కందులోళ్లు కదా? అప్పుడు కందులు రాలే. గొర్ల డీసీఎం వచ్చింది. నేనే అనుకున్న, గొర్ల బండి వస్తే కందుల సంచి అంటదేంది మిషను, పిచ్చి లేసిందా అని."

"పిచ్చి కాదు. ఆ బండి నంబరు కావాలె. గా గొర్లు మావి. పొద్దుగాల ఎత్తుకపోయిండ్రు."

ప్రణయ్ కాంటా చీటీ చూసి నంబరు చదివాడు. బరువు కూడా చదివాడు. "కొనేటాయన మన్నెగూడ కాడ ఉన్నడట. తూకం చీటీ చూపిస్తే పైసలిస్తనన్నడట. డ్రైవరు ఫోన్ల మాట్లాడంగ విన్న. పోయి ఇరవై నిమిషాలాయె."

"మెడల గంటలున్నయా?"

"గంటలు లెవ్వు. ముందున్న గొర్రె మెడల నల్ల తాయెత్తు ఉండె. నాకు గదే యాదికుంది."

సుక్క మెడలో గంట కూడా ఉండేది. దొంగలు చప్పుడవుతుందని గంటలు కోసేశారు. తాయెత్తు జోలికి పోలేదు. ఎవరో దేవుడి పేరు మీద కట్టినదాన్ని తెంపితే తమకు తగులుతుందని ఆ ప్రాంతంలో దొంగకైనా భయం ఉంటుంది.

పన్నెండు గంటల నాలుగు నిమిషాలకు పాండురంగం తనకు తెలిసిన పోలీసు అధికారికి బండి నంబరు చెప్పాడు. పన్నెండున్నరకు పూడూరు మండలం మన్నెగూడ దగ్గర, ఒక హోటల్ ముందు, డీసీఎంను ఆపారు. డ్రైవరు, ఇంకొకడు లోపల పూరీలు తింటున్నారు. కొనేవాడు ఇంకా రాలేదు.

పాండురంగం తన కారు తీశాడు. దేవిక చేతిలో పట్టుకునే రీడర్ ఒకటి వెంట తెచ్చుకుంది. దేవిక ఫోన్ చేయగానే శంకరమ్మ, ఎంకయ్య పరిగి మీదుగా ఆటోలో బయలుదేరారు. అందరూ మన్నెగూడ చేరేసరికి రెండయింది. బండి హోటల్ పక్కన వేపచెట్టు నీడలో ఉంది. గొర్రెలు నోళ్లు తెరిచి ఒగరుస్తున్నాయి.

డ్రైవరు ఎస్సైతో ఒకే మాట చెబుతున్నాడు. "అంగట్ల కొన్న సార్. పైసలిచ్చి కొన్న."

"రసీదు?"

"అంగట్ల రసీదు ఎవడిస్తడు సార్?"

ఎస్సై ఎంకయ్య వైపు తిరిగాడు. "నీవే అనడానికి గుర్తేంది?"

ఎంకయ్య ఉదయం మంద పోయిందని చెప్పాక మళ్లీ మాట్లాడలేదు. చెప్పులు విడిచి బండి దగ్గరికి పోయి, నాలుక అంగిటికి కొట్టి రెండుసార్లు చప్పుడు చేశాడు. లోపల గొర్రెలన్నీ ఇటు తిరిగాయి. సుక్క కటకటాల్లోంచి మూతి బయట పెట్టింది.

"గది చాలదా సార్?" శంకరమ్మ అడిగింది.

"నాకు చాలుతదమ్మా. కోర్టుకు చాలదు. కాయితం మీద రాసేటిది కావాలె."

దేవిక రీడర్‌ను తాయెత్తు దగ్గర పెట్టింది. అది కూత పెట్టింది. తెర మీద నంబరు వచ్చింది, చివర 0417. ఆమె తన ఫోన్‌లో కంపెనీ రికార్డు తెరిచి ఎస్సైకి చూపింది. నవాబుపేటలో తూకం వేసిన రోజు, తాండూరు గేటు దాటిన గంట, మిల్లులో ఖాళీ అయిన గంట, ఈ ఉదయం వికారాబాద్ కాంటా ఎక్కిన నిమిషం.

ఎస్సై పైనుంచి కిందికి చదివాడు. "ఇది కందుల సంచిది. సంచి మిల్లుల ఖాళీ అయింది. బిళ్ల గొర్రె మెడలకు ఎట్లొచ్చింది? నడుమల ముక్క లేదు ఇందుల."

నడిమి ముక్క దేవిక దగ్గర ఉంది. అది చెబితే కంపెనీ నియమం తప్పినట్టు పోలీసు కాగితంలోకి ఎక్కుతుంది. కత్తిరించని బిళ్లలు బయటికి పోతాయని తెలిస్తే కొనుగోలుదారులు అడిగే ప్రశ్నలు ఆమెకు తెలుసు. ఆమె పాండురంగం వైపు చూడకుండానే చెప్పింది. "ఖాళీ సంచులు ఇంటికి నేను తీస్కపోయిన సార్. బిళ్లలు కత్తిరించాలె. కత్తిరించలే. మా అమ్మ ఒకటి తాయెత్తు కుట్టింది."

ఎస్సై పాండురంగాన్ని చూశాడు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. రెండేళ్ల పేరు గురించి ఉదయం ఆయన అన్న మాట దేవికకు గుర్తుంది.

"సంచి మాదే," పాండురంగం అన్నాడు. "బిళ్ల కత్తిరించకపోవుడు మా కంపెనీ తప్పు. రాసుకోండి. కింద నేను సంతకం పెడత."

ఆయన సంతకం పెట్టాక డ్రైవరు అంగడి మాట మళ్లీ చెప్పలేదు. రాతపని ముగిసేసరికి నాలుగున్నర అయింది. అదే డీసీఎంను వేరే డ్రైవరుతో దోమకు తోలారు. దింపేటప్పుడు శంకరమ్మ లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. ఎంకయ్య మళ్లీ లెక్కపెట్టాడు.

"నేను లెక్కపెట్టింది చాలదా?" శంకరమ్మ అంది.

"చాలుతది," అన్నాడు ఎంకయ్య. మంద పోయిందని చెప్పాక ఆయన మాట్లాడిన మొదటి మాట అది. మంద బోరింగు దగ్గరికి పోయింది. ఉదయం ఆయన నింపిన తొట్టి సగానికి దిగి ఉంది. మధ్యలో ఎవరి మందో వచ్చి తాగి పోయింది. నింపలేదు. గొర్రెలు మిగతా సగం తాగాయి. ఎంకయ్య బోరింగు పట్టుకున్నాడు. శంకరమ్మ గొర్రెల వెనక నిలబడి చూసింది. కాసేపటికి పోయి రెండో చేయి వేసింది.

ఆ వారం పాండురంగం రెండు పనులు చెప్పాడు. ఒకటి, ఖాళీ సంచి షెడ్డు దాటే ముందు బిళ్ల కత్తిరించినట్టు ఇద్దరు సంతకం పెట్టాలి. రెండోది, 0417 లెక్క మూయాలి. దేవిక ఆ రికార్డు తెరిచింది. ఏది, ఎక్కడ, ఎప్పుడు అనే గడులు నిండి ఉన్నాయి. ఎందుకు అనే గడి ఖాళీ. ఎంచుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చే జాబితాలో పంపడం, అందుకోవడం, ఖాళీ చేయడం, చెడిపోవడం, దొంగతనం ఉన్నాయి. ఏదీ పూర్తిగా సరిపోలేదు. చివరి వరుసలో "ఇతరం" ఉంది. అది నొక్కి, పక్కన రాసింది: మందకు ముందు నడిచే గొర్రెకు కాపలా.

ఆదివారం ఇంటికి పోయినప్పుడు శంకరమ్మ అడిగింది.

"మీ పాండురంగం పటేలుకు దండం పెట్టిన. వికారాబాద్ పిలగానికి ఫోన్ల చెప్పిన, గొంగడి ఇస్త, వచ్చి తీస్కపో అని. పోలీసాయనకు చెప్పిన. ఇంకెవలకు చెప్పాలె?"

"ఆ మిషన్ల నడిచే లెక్క రాసినోళ్లున్నరమ్మా. వేరే దేశాలల్ల."

"ఎంత తీసుకున్నరు మీ కాడ?"

"ఏం తీసుకోలే."

"ఏం తీసుకోకుంటెనా? మనమెవలమో తెలుసా వాళ్లకు?"

"తెల్వదు. ఎవలకు అవసరముంటే వాళ్లు వాడుకుంటరని రాసి పెట్టిండ్రు. వాడుకున్నోళ్లు ఏదన్న బాగుచేస్తే అది మల్ల అందరికి ఇయ్యాలె. గంతే."

శంకరమ్మ దొడ్డి వైపు చూసింది. ఎంకయ్య గడ్డి వేస్తున్నాడు.

"మీ నాయిన అసొంటోళ్లు," అంది. "నేను చెప్తా, రాస్తవా?"

దేవిక ఫోన్ తీసింది. శంకరమ్మ చెప్పింది ఒకే వాక్యం. దేవిక దాన్ని తెలుగులో అట్లాగే రాసింది: "మీరు నింపిపోయిన తొట్ల మా గొర్లు నీళ్లు తాగినయి." కింద ఇంగ్లీషులో అర్థం రాసింది. ఆ తొట్టి సంగతి, బోరింగు సంగతి, మే నెల సోమవారం జరిగింది, అన్నీ వరుసగా రాసింది. తర్వాత, ఆ లిస్టులో ఎవరైనా రాసేటట్టు, పనికొచ్చే సంగతులు చేర్చింది. బిళ్లను గుడ్డలో కుట్టి ఉన్ని మీద కడితే రీడర్ నాలుగు అడుగుల దూరం నుంచి చదువుతుంది. ఉన్ని తడిస్తే అడుగు దూరానికి తగ్గుతుంది. ఖాళీ అయిన సంచి మళ్లీ కనిపిస్తే ఎర్ర గీత వచ్చేలా తాను చేసుకున్న మార్పును, తెర మీది మాటలకు తెలుగు జాబితాను జతచేసి పంపింది. రెండేళ్లుగా ఆ లిస్టులో అడగడమే తప్ప ఆమె ఏదైనా ఇవ్వడం అదే మొదలు.

పాండురంగం కొత్త బిళ్ల ఒకటి ఇచ్చాడు. దాని రికార్డులో సరుకు పేరు దగ్గర "గొర్రె" అని, యజమాని దగ్గర ఎంకయ్య పేరు రాయించాడు. శంకరమ్మ దాన్ని నల్ల గుడ్డలో పెట్టి, పసుపు వేసి కుట్టింది.

నాలుగో రోజు రూయి జవాబు వచ్చింది. మార్పును తీసుకున్నానని, తెలుగు జాబితాను వచ్చే విడుదలలో చేరుస్తానని రాశాడు. తన తాతకు కూడా మేకలుండేవని రాశాడు. చివర ఒక ప్రశ్న అడిగాడు. దేవిక జవాబంతా తల్లికి ఫోన్‌లో చదివి వినిపించింది.

"గొర్రె పేరేందని అడుగుతుండమ్మా."

"సుక్క అని చెప్పు," అంది శంకరమ్మ. "వాళ్ల మేకలకు నీళ్లకు ఇబ్బంది లేకుండెనా అడుగు."